గుండె కండ చచ్చిపోయిందని డాక్టర్‌కి ఎలా తెలుస్తుంది? ల్యాబ్‌లో గుండెని బతికించి చదివే కథ

మామూలుగా నేను ఇక్కడ ఫోన్ల గురించో, యాప్‌ల గురించో మాట్లాడతాను. ఈ ఎపిసోడ్ మాత్రం గుండె గురించి. ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్‌ని కాదు. బీటెక్ చదివి, కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇప్పుడు కెమెరా ముందు కూర్చున్నవాణ్ణి. అందుకని ఇందులో వైద్య సలహాలు ఉండవు. ఒక్కటి తప్ప. అది చివర్లో చెప్తాను.

రెండేళ్ల క్రితం సంగతి. మాది భీమవరం దగ్గర ఊరు. నేను హైదరాబాద్‌లో ఉన్నాను. రాత్రి పదింటికి అమ్మ ఫోన్ చేసింది. "ఒరేయ్, మీ నాన్నకి గుండెల్లో పట్టేసినట్టు ఉందంటున్నారు. ఒళ్లంతా చెమటలు" అంది. నేను లాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండానే, "గ్యాస్ అయ్యుంటుందమ్మా, పెళ్లి భోజనం చేసొచ్చారు కదా. సోడా పట్టించు, పడుకుంటే తగ్గిపోతుంది" అన్నాను. ఏదో అన్నీ తెలిసినవాడిలాగా.

తగ్గలేదు. రాత్రి రెండు దాటాక మా బాబాయ్ కారులో హాస్పిటల్‌కి తీసుకెళ్లాడు. నాన్న బతికారు. మర్నాడు నేను వెళ్లేసరికి స్టెంట్ వేసి ఉంచారు. డాక్టర్ గారు నెమ్మదిగానే చెప్పారు. "రక్తం మళ్లీ బాగానే వెళ్తోంది. కానీ కింద గోడలో కొంత కండ చచ్చిపోయింది. నాలుగు గంటలు లేటయింది కదండీ" అన్నారు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. నాన్న గుండె లోపలే ఉంది. ఎవరూ కోసి చూడలేదు. మరి కండ చచ్చిందని ఎలా తెలిసింది? నాలుగు గంటలకి ఇంత నష్టం అని ఎవరు లెక్క కట్టారు? పోయిన కండ మళ్లీ వస్తుందా? ఈ మూడు ప్రశ్నలు పట్టుకుని చదవడం మొదలుపెడితే, అన్నిటికీ జవాబు ఒకే చోట దొరికింది. ల్యాబ్‌లో. ఒంట్లోంచి తీసిన గుండెని బతికించి, ఆపి, గడ్డకట్టించి, ముక్కలు కోసి, రంగులేసి, ఒక్కొక్క కణంగా విడదీసి చూసినవాళ్ల దగ్గర. వాళ్లు ఏం చేస్తారో ఈ రోజు వరసగా చూద్దాం.

కుళాయి నీళ్లు చెప్పిన రహస్యం

1882. లండన్‌లో సిడ్నీ రింగర్ అనే డాక్టర్. కప్ప గుండెని బయటికి తీసి, ఏ ద్రవంలో పెడితే అది ఎక్కువసేపు కొట్టుకుంటుందో చూస్తున్నాడు. ఉప్పునీళ్లలో బాగానే కొట్టుకుంటోంది. అదే పేపర్‌గా రాసి అచ్చు వేయించాడు.

తర్వాత అదే ప్రయోగం మళ్లీ చేస్తే గుండె కొట్టుకోవట్లేదు. కాసేపటికే బలహీనపడి ఆగిపోతోంది. అదే ఉప్పు, అదే కొలత. ఎక్కడుంది తేడా? వెతికితే తేలిందేంటంటే, మొదటిసారి ద్రవం కలిపిన అసిస్టెంట్ డిస్టిల్డ్ వాటర్ వాడలేదు. కుళాయి తిప్పి పట్టేశాడు. లండన్ కుళాయి నీళ్లలో క్యాల్షియం ఉంటుంది. గుండెని నడిపించింది అదే.

మా భాషలో చెప్పాలంటే, "నా మెషీన్‌లో పని చేస్తోంది, సర్వర్‌లో పని చేయట్లేదు" అన్న గొడవ ఇది. అలాంటప్పుడు మనం కోడ్‌ని తిట్టుకుంటాం, చివరికి చూస్తే తేడా చుట్టూ ఉన్న వాతావరణంలో ఉంటుంది. రింగర్ దాన్ని దాచిపెట్టలేదు. 1883లో ఇంకో పేపర్ రాసి, ముందు చెప్పింది తప్పని ఒప్పుకుని, క్యాల్షియం లేకపోతే గుండె ముడుచుకోదని చెప్పాడు. పొటాషియం ఎంత ఉండాలో కూడా చూశాడు.

ఇప్పటికీ గుండె శాస్త్రానికి పునాది ఇదే. గుండె కణంలోకి కరెంట్ సిగ్నల్ రాగానే బయటి నుంచి కొంచెం క్యాల్షియం లోపలికి వస్తుంది. అది కణం లోపల దాచుకున్న క్యాల్షియం సంచుల్ని తెరిపిస్తుంది. అప్పుడు కండ ముడుచుకుంటుంది. క్యాల్షియంని మళ్లీ వెనక్కి తోడేస్తే కండ వదులవుతుంది. ఇప్పుడు మీ ఛాతీలో జరుగుతున్నది కూడా అదే.

ఇంకో మాట. హాస్పిటల్లో "ఆర్ఎల్ పెట్టండి" అనడం వినే ఉంటారు. ఆ బాటిల్ మీద రాసి ఉండే రింగర్స్ లాక్టేట్‌లో రింగర్ ఈయనే. 1930లలో అమెరికాలో హార్ట్‌మన్ అనే పిల్లల డాక్టర్ దానికి లాక్టేట్ కలిపాడు. నాన్న మంచం పక్కన స్టాండ్‌కి అదే వేలాడుతోంది. అప్పుడు నాకు తెలియదు, ఆ సీసా వెనక ఒక కప్ప గుండె ఉందని.

గుండెని తలకిందులుగా నడిపించడం

కప్ప గుండెతో ఒక సౌకర్యం ఉంది. దాని గోడ స్పాంజి లాగా ఉంటుంది, ద్రవంలో పెడితే చాలు, ఆక్సిజన్ లోపలికి పాకుతుంది. ఎలుక గుండె, కుక్క గుండె, మన గుండె అలా కాదు. గోడ మందం. లోపలి నుంచి లీటర్లకి లీటర్లు రక్తం వెళ్తున్నా ఆ కండ దాన్ని నేరుగా తాగలేదు. దానికి సొంత పైపులైను ఉంది. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం అయోర్టా. అది మొదలైన చోటే, వాల్వ్‌కి కొంచెం పైన, రెండు చిన్న నాళాలు విడిపోయి గుండె కండలోకే వెళ్తాయి. అవే కరోనరీ నాళాలు. నాన్నకి మూసుకుపోయింది అలాంటిదే ఒకటి.

1895లో జర్మనీలోని రాస్టాక్‌లో ఆస్కార్ లాంగెన్‌డార్ఫ్ దీన్ని వాడుకుని ఒక ఉపాయం చేశాడు. ఒంట్లో రక్తం గుండె నుంచి అయోర్టాలోకి వెళ్తుంది కదా. ఆయన అయోర్టాకి సన్నటి గొట్టం కట్టి, పోషక ద్రవాన్ని వెనక్కి, అంటే గుండె వైపుకి తోశాడు. ఎదురు ఒత్తిడికి అయోర్టా వాల్వ్ తలుపు మూసుకున్నట్టు మూసుకుంటుంది. ద్రవానికి గుండె గదిలోకి దారి లేదు. మిగిలిన దారి ఒక్కటే, కరోనరీలు. అలా కండకి ఆహారం, ఆక్సిజన్ అందుతాయి. మెదడు లేదు, నరాల ఆజ్ఞ లేదు, ఒళ్లే లేదు. అయినా గుండె గొట్టానికి వేలాడుతూ కొట్టుకుంటూనే ఉంటుంది. దాని కరెంట్ అది సొంతంగా పుట్టించుకుంటుంది కాబట్టి.

ఈ రోజుకీ ల్యాబుల్లో ఈ పద్ధతే వాడతారు. ఎలుకకి మత్తిచ్చి, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చి, గుండెని తీసి వెంటనే మంచులాంటి చల్లటి ద్రవంలో వేస్తారు. చలికి గుండె ఆగుతుంది, ఖర్చు తగ్గుతుంది. ఒకట్రెండు నిమిషాల్లో అయోర్టాని గొట్టానికి ఎక్కించి దారంతో కట్టేయాలి. ఆలస్యమైతే ఆ గుండె పనికిరాదు. గొట్టం మరీ లోపలికి దిగితే కరోనరీల నోళ్లు మూసుకుపోతాయి. ఒక్క గాలి బుడగ వెళ్లినా చిన్న నాళం దగ్గర అడ్డం పడుతుంది.

అన్నీ సరిగ్గా కుదిరితే, 37 డిగ్రీల వేడిలో, 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన వాయువు బుడగలుగా వెళ్తున్న ద్రవంతో, ఎలుక గుండె నిమిషానికి 250, 300 సార్లు కొట్టుకుంటుంది. ఎడమ కింది గదిలోకి చిన్న నీళ్ల బెలూన్ పెట్టి, దాన్ని ఒత్తిడి కొలిచే సెన్సర్‌కి కలిపితే ప్రతి దెబ్బ బలం స్క్రీన్ మీద కనిపిస్తుంది. కొన్ని గంటలు ఇలా నడుస్తుంది. నెమ్మదిగా వాచి బలహీనపడుతుంది, ఎందుకంటే ఆ ద్రవంలో రక్తంలో ఉన్నట్టు ప్రొటీన్లు ఉండవు.

మనిషి గుండెతో కూడా చేశారా అంటే, చేశారు. 1902లో రష్యాలో కుల్యాబ్కో అనే శాస్త్రవేత్త, న్యుమోనియాతో చనిపోయి దాదాపు 20 గంటలైన ఒక పసివాడి గుండెని ఈ పద్ధతిలోనే మళ్లీ కొట్టుకునేలా చేశాడు. ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మనిషి చనిపోవడం వేరు, కండ చనిపోవడం వేరు.

దీని వారసత్వం ఇప్పుడు ఆపరేషన్ థియేటర్ దాకా వచ్చింది. 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో నాగోల్ నుంచి జూబ్లీహిల్స్‌కి మెట్రో రైల్లో గుండె తీసుకెళ్లారు, గుర్తుందా? మామూలుగా దాత గుండెని ఐస్ పెట్టెలో తీసుకెళ్తారు, దానికి దాదాపు నాలుగు గంటలే గడువు. అందుకే అంత పరుగు. ఇప్పుడు కొన్ని దేశాల్లో వెచ్చటి రక్తం పారుతూ, గుండె కొట్టుకుంటూనే ప్రయాణం చేసే పెట్టెలు వచ్చాయి. ఆ పెట్టెలో రక్తం వెళ్లేది ఎటు అనుకుంటున్నారు? అయోర్టాలోంచి కరోనరీల్లోకి. లాంగెన్‌డార్ఫ్ దారే.

చచ్చిన కండ ఏ రంగులో ఉంటుంది?

ఇప్పుడు నా మొదటి ప్రశ్నకి వద్దాం. నాళం మూసుకుపోతే ఎంత కండ పోయిందో ఎలా కొలుస్తారు?

ఇక్కడ చిక్కేంటంటే, చచ్చిన కండ, బతికున్న కండ మొదటి కొన్ని గంటలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కంటికి తేడా తెలియదు. అందుకని రంగు వేస్తారు. టీటీసీ అని ఒక రసాయనం ఉంది. దానికి సొంత రంగు ఉండదు. బతికున్న కణంలో శక్తి తయారుచేసే ఎంజైములు దాన్ని తాకితే ఇటుక ఎరుపుగా మారుతుంది. చచ్చిన కణంలోంచి ఆ సరంజామా కారిపోయి ఉంటుంది కాబట్టి అక్కడ ఎరుపు రాదు.

పద్ధతి ఇలా ఉంటుంది. ముందు ఏ నాళాన్ని బిగించారో దాన్నే మళ్లీ బిగించి, మిగతా నాళాల్లోకి నీలం రంగు పంపిస్తారు. రక్తం అందిన చోటంతా నీలం అవుతుంది. తర్వాత గుండెని కొంచెం గట్టిపడేలా చల్లబరిచి, బ్రెడ్ కోసినట్టు ఒకట్రెండు మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి, టీటీసీలో 37 డిగ్రీల దగ్గర ఓ పదిహేను ఇరవై నిమిషాలు ఉంచుతారు. బయటికి తీస్తే ముక్క మీద మూడు రంగులు. నీలం అంటే ప్రమాదంలో పడని కండ. ఎరుపు అంటే రక్తం ఆగినా బతికి బయటపడ్డ కండ. తెల్లగా పాలిపోయింది అంటే పోయిన కండ.

ఆ ఫొటోలు ఇంటర్నెట్లో చాలా ఉన్నాయి. నేను చాలాసేపు చూస్తూ కూర్చున్నా. మనం కాపాడుకోగలిగేది ఆ ఎరుపునే. ఎరుపు తెలుపుగా మారకముందే దారి తెరవాలి. గుండెపోటు వైద్యం మొత్తం ఆ ఒక్క గీత కోసమే.

మరి గంటల లెక్క? 1977లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో రీమర్, జెన్నింగ్స్ బృందం కుక్కల్లో చేసిన ప్రయోగం దీనికి మూలం. ఒక కరోనరీ నాళాన్ని కొన్నిటిలో 40 నిమిషాలు, కొన్నిటిలో 3 గంటలు, కొన్నిటిలో 6 గంటలు బిగించి వదిలారు. కొన్ని రోజుల తర్వాత గుండెల్ని తీసి ఫార్మలిన్‌లో ఊరబెట్టి, మైనంలో పోతపోసి, వెంట్రుక కంటే ఎన్నో రెట్లు పల్చటి పొరలుగా కోసి మైక్రోస్కోప్ కింద లెక్క కట్టారు. 40 నిమిషాలకి ప్రమాదంలో ఉన్న గోడలో మూడో వంతు పైన పోయింది. 3 గంటలకి సగం దాటింది. 6 గంటలకి దాదాపు 70 శాతం. అంతకంటే ముఖ్యమైంది ఇంకోటి కనిపెట్టారు. కండ అంతా ఒకేసారి చావదు. గోడ లోపలి పొర ముందు పోతుంది. అక్కడి నుంచి అల లాగా బయటి పొర వైపు చావు పాకుతుంది. అంటే ఆ గంటల్లో ఏ నిమిషంలో దారి తెరిచినా, అల అక్కడ ఆగుతుంది.

మనిషి గుండె కుక్క గుండెతో అచ్చంగా సమానం కాదు, లెక్కలు మనిషి మనిషికీ మారతాయి. కానీ పద్ధతి ఇదే. "టైమే కండ" అని కార్డియాలజిస్టులు చెప్పే మాట వెనకున్నది ఈ ముక్కలే.

ఇక నాన్న గుండెని కోయకుండా ఎలా చూశారు? తర్వాత ఎమ్మారై తీయించారు. గాడోలీనియం అనే మందు ఎక్కించి కొన్ని నిమిషాలు ఆగి ఫొటో తీస్తే, చచ్చిన చోట ఆ మందు ఎక్కువసేపు నిలిచిపోయి తెల్లగా మెరుస్తుంది. ఆ మెరుపు నిజంగా చచ్చిన కండేనా, నమ్మొచ్చా? 1999లో కుక్కల గుండెలకి ఎమ్మారై తీసి, తర్వాత అవే గుండెల్ని కోసి టీటీసీ వేసి, పక్కపక్కన పెట్టి చూశారు. రెండు బొమ్మలూ కలిశాయి. అందుకే డాక్టర్ గారు స్క్రీన్ మీద ఆ తెల్లటి చారని చూపించి అంత ధైర్యంగా చెప్పగలిగారు. నా జవాబు నాకు దొరికింది. ఎక్కడో ముందే కోసి చూశారు కాబట్టే, నాన్నని కోయాల్సిన పని లేకపోయింది.

ఈ జంతువుల మాట కూడా దాటవేయకూడదు. ఎలుకలు, కుక్కలు, కుందేళ్లు వీటికోసం ప్రాణాలిచ్చాయి. మన దేశంలో ఇలాంటి ప్రయోగాలకి 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద కమిటీ అనుమతి ఉండాలి. అవసరం ఉందా, వేరే దారి లేదా అని అడుగుతారు. అడగాలి కూడా.

ఒక్క క్షణాన్ని గడ్డకట్టించడం

నాళం మూసుకున్న నిమిషంలోపే ఆ ముక్క కొట్టుకోవడం మానేస్తుంది. ఎందుకు? శక్తి సరఫరా దెబ్బతిని. ఇది తెలుసుకోవడం ఇంకా కష్టం. గుండెని కోసి పరీక్షనాళికలో వేసేలోపే దానిలో ఉన్న శక్తి ఖర్చైపోతుంది. మనం కొలిచేది బతికున్న గుండెని కాదు, మన చేతుల ఆలస్యాన్ని.

1960లో వోలెన్‌బర్గర్ అనే శాస్త్రవేత్త దీనికి పట్టకారు చేశాడు. రెండు అల్యూమినియం దిమ్మల్ని లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచి, అంటే మైనస్ 196 డిగ్రీల చలికి తెచ్చి, కొట్టుకుంటున్న గుండెని వాటి మధ్య టక్కున నొక్కేస్తారు. అప్పడంలా పల్చగా అణిగి, ఆ క్షణంలోనే గడ్డకడుతుంది. మా వాళ్ల మాటలో స్క్రీన్‌షాట్ అన్నమాట. తర్వాత దాన్ని పొడి కొట్టి, లోపల ఏముందో తీరిగ్గా కొలుస్తారు.

కొలిచేది ముఖ్యంగా రెండిటిని. ఏటీపీ, ఫాస్ఫోక్రియాటిన్. ఏటీపీ జేబులో డబ్బు అనుకోండి, ఫాస్ఫోక్రియాటిన్ వెంటనే విడిపించుకోగల నిల్వ. రక్తం ఆగగానే ముందు ఈ నిల్వ పడిపోతుంది. ఆ వెనకే ఏటీపీ తగ్గుతూ వస్తుంది.

ఇప్పుడు చెప్పండి, కండలో ఈ రెండిటినీ కనుక్కున్నదెవరు? 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. హార్వర్డ్ మెడికల్ స్కూల్లో సైరస్ ఫిస్కేతో కలిసి పని చేసిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అదే 1929లో జర్మనీలో లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నాడు. సుబ్బారావు గారు పుట్టింది భీమవరంలో, 1895లో. లాంగెన్‌డార్ఫ్ గుండెని గొట్టానికి కట్టిన సంవత్సరమే. మా నాన్న గుండెలో ఆ రాత్రి అయిపోయిన సరుకుని కనుక్కున్నది మా ఊరి పక్కాయన అన్నమాట. ఈ సంగతి చెప్తే నాన్న, "ఆయన పేరు మా మాస్టారు చెప్పేవారురా" అని మురిసిపోయారు.

ఒక్కొక్క కణంగా విడదీయడం

పూర్తి గుండె మీద పరీక్ష మా ఇంటిగ్రేషన్ టెస్ట్ లాంటిది. తప్పు ఉందని తెలుస్తుంది, ఎక్కడో తెలియదు. దానికి యూనిట్ టెస్ట్ కావాలి, అంటే ఒక్క కణం కావాలి. గుండె కణాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి, మధ్యలో కొల్లాజెన్ సిమెంట్ లాగా పట్టి ఉంచుతుంది. కాబట్టి సిమెంట్‌ని కరిగించాలి, ఇటుక పగలకూడదు.

గుండెని మళ్లీ లాంగెన్‌డార్ఫ్ గొట్టానికే ఎక్కిస్తారు. ముందు కొన్ని నిమిషాలు క్యాల్షియం లేని ద్రవం. కణాల మధ్య ముడులు వదులవుతాయి, గుండె ఆగుతుంది. తర్వాత కొల్లాజెనేజ్ అనే ఎంజైమ్ పంపిస్తారు. గుండె మెత్తబడి వేలికి జావలా తగులుతుంది. కత్తిరించి, వెడల్పు మూతి ఉన్న గొట్టంతో మెల్లగా పైకీ కిందకీ లాగితే కణాలు విడిపోతాయి.

ఇక్కడే ఏళ్ల తరబడి అందరూ దెబ్బతిన్నారు. విడదీసిన కణాలకి మామూలు క్యాల్షియం ఇవ్వగానే అన్నీ ముడుచుకుపోయి గుండ్రంగా మారి చచ్చిపోయేవి. 1966లో జిమ్మర్‌మాన్, హుల్స్‌మాన్ అనే ఇద్దరు పూర్తి ఎలుక గుండెలో కూడా ఇదే చూశారు. కాసేపు క్యాల్షియం ఆపి మళ్లీ ఇస్తే, ఏ క్యాల్షియం లేకపోతే గుండె కొట్టుకోదో అదే క్యాల్షియం గుండెని చంపేస్తోంది. దీనికి క్యాల్షియం పారడాక్స్ అని పేరు. 1970ల మధ్యలో గానీ క్యాల్షియంని తట్టుకునే కణాలు తీయడం రాలేదు. ఇప్పుడు క్యాల్షియంని మెట్లు మెట్లుగా, కొంచెం కొంచెం పెంచుతూ ఇస్తారు. క్రాష్ అయిన సర్వర్‌ని లేపగానే ట్రాఫిక్ మొత్తం ఒకేసారి వదలం కదా, అలాగ.

బాగున్న కణం మైక్రోస్కోప్ కింద పొడుగ్గా, చిన్న కర్రలా, దాదాపు మిల్లీమీటర్‌లో పదో వంతు పొడవుతో, అడ్డంగా చారలతో కనిపిస్తుంది. చచ్చింది గుండ్రంగా ఉంటుంది. ఎన్ని కర్రలు, ఎన్ని గుండ్రాలు అని లెక్కపెడితే ఆ రోజు పని ఎలా కుదిరిందో తెలిసిపోతుంది. తర్వాత సన్నటి గాజు సూదిని కణం గోడకి అతికించి కరెంట్ కొలుస్తారు. ఆ పద్ధతికి నేహర్, సాక్‌మాన్‌లకి 1991లో నోబెల్ వచ్చింది.

ఆ కరెంట్ కొలత మన మందుల పెట్టె దాకా వస్తుంది. టెర్ఫెనడిన్ అని ఒక అలెర్జీ మాత్ర ఉండేది. ముక్కు కారితే వేసుకునేది. అది కొందరిలో గుండె కణంలోంచి పొటాషియం బయటికి వెళ్లే దారిని అడ్డుకుని, ప్రాణం తీసే లయ తప్పుడుకి కారణమైంది. 1990ల చివర్లో అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు. అందుకే ఇప్పుడు కొత్త మందు ఏదైనా, గుండెకి సంబంధం లేనిదైనా, ఆ దారిని మూస్తుందేమో ముందే చూస్తారు.

పోయిన కండ మళ్లీ వస్తుందా?

నా చివరి ప్రశ్న. దీనికి జవాబు వచ్చిన దారి వింటే ఆశ్చర్యపోతారు. 1950లు, 60ల మొదట్లో దేశాలు గాలిలో అణుబాంబులు పేల్చి పరీక్షించాయి. దాంతో గాలిలో కార్బన్-14 బాగా పెరిగింది. 1963 ఒప్పందం తర్వాత నెమ్మదిగా తగ్గుతూ వచ్చింది. మనం తినే తిండి ద్వారా అది, కొత్త కణం పుట్టినప్పుడల్లా దాని డీఎన్ఏలో చేరుతుంది. అంటే ప్రతి కణానికి తయారీ తేదీ పడినట్టే. 2009లో స్వీడన్‌లోని కరోలిన్స్కా శాస్త్రవేత్తలు చనిపోయినవాళ్ల గుండె కణాల్లో ఆ తేదీ చదివారు. పాతికేళ్ల వయసులో ఏడాదికి గుండె కండ కణాల్లో 1 శాతం కొత్తవి వస్తాయి. 75 ఏళ్లకి అది అరశాతం కన్నా తక్కువ.

అంటే వస్తుంది, కానీ గుండెపోటులో పోయినంత పూడ్చేంత రాదు. ఆ చోట మచ్చ కండ పడుతుంది. గోడ చిరగకుండా ఆపుతుంది, కానీ కొట్టుకోదు.

ల్యాబులు ఊరుకోలేదు. చర్మం, రక్త కణాల్ని వెనక్కి తిప్పి మూలకణాలుగా మార్చడం యమనాక చూపించాక, 2012లో ఆయనకి నోబెల్ వచ్చింది, వాటి నుంచి గుండె కణాలు పెంచుతున్నారు. ఓ పది రోజులు దాటేసరికి గిన్నెలో కొట్టుకోవడం మొదలుపెడతాయి. కానీ అవి పసి కణాలు, పెద్దవాళ్ల గుండెకి ఉన్న బలం వాటికి ఇంకా రాదు. 2008లో అమెరికాలోని మిన్నెసోటాలో డోరిస్ టేలర్ బృందం ఎలుక గుండెలోకి, మన షాంపూల్లో ఉండే రకం డిటర్జెంట్ పంపి కణాలన్నీ కడిగేసింది. తెల్లటి అచ్చు మాత్రం మిగిలింది. అందులో కొత్త కణాలు నాటితే ఎనిమిది రోజులకి కొట్టుకుంది. బలం మాత్రం పెద్ద గుండెలో దాదాపు 2 శాతం. దారి తెలిసింది, నడక చాలా ఉంది.

ఆ ఒక్క సలహా

నాన్న ఇప్పుడు బాగానే ఉన్నారు. చెరువు గట్టు మీద పొద్దున్నే నడుస్తారు. కాకపోతే ఇదివరకు ఒక్క ఊపున వెళ్లే దూరానికి ఇప్పుడు మధ్యలో రెండుసార్లు ఆగుతారు. ఆగినప్పుడల్లా నాకు ఆ ముక్క మీద మూడు రంగులు గుర్తొస్తాయి. ఆ రాత్రి పదింటికి అక్కడ ఎరుపు చాలానే ఉండి ఉంటుంది. సోడా తాగించి పడుకోబెట్టమన్నది నేనే. నాన్న ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. "నువ్వేం డాక్టరువా ఏంట్రా, నీకేం తెలుసు" అంటారు. నిజమే, నాకేం తెలియదు. తెలియనప్పుడు ఆ మాట అనకుండా ఉండాల్సింది.

కాబట్టి ఒక్క మాట. ఇంట్లో ఎవరికైనా ఛాతీలో పట్టేసినట్టో, బరువు పెట్టినట్టో ఉంటే, నొప్పి చేతికో దవడకో పాకితే, చల్లటి చెమటలు పడితే, గ్యాస్ అని మీరు తేల్చకండి. షుగర్ ఉన్నవాళ్లకైతే నొప్పి సరిగ్గా తెలియకపోవచ్చు కూడా. 108కి ఫోన్ చేయండి, ఈసీజీ తీసే చోటికి వెళ్లండి. గ్యాస్ అయితే నవ్వుకుంటూ ఇంటికొస్తారు, ఏం పోయింది?

నూట నలభై ఏళ్లకి పైగా ఇంతమంది ఇన్ని గుండెల్ని తీసి, కట్టి, కోసి, రంగులేసి మనకి చెప్పింది చివరికి ఇదే. కండ అల లాగా, నిమిషం నిమిషానికి చస్తుంది. ఆపగలిగే టైమ్ ఉంటుంది. ఆ టైమ్‌లో ఫోన్ వచ్చేది డాక్టర్‌కి కాదు. మీకే.

ఈ ఎపిసోడ్ మీ ఇంటి గ్రూప్‌లో ఒకసారి పెట్టండి.